దానంతటదే సాగిన కౌలు

బాపు అవ్వను కొట్టింది నాకు తెలిసి ఒక్కసారే. నాన్నను బాపు అనీ, అమ్మను అవ్వ అనీ పిలిచేదాన్ని. దానికి మూడు రోజుల ముందు ఆయన్ను మా మిల్లు గేటు ముందు హమాలీలు బండి గుంజలతో కొట్టారు. ఆయన తిన్న దెబ్బలూ, ఆయన కొట్టిన దెబ్బలూ, ఆ తర్వాత నేను ఆయన్ను కొట్టిన ఒక్క దెబ్బా ఒకే కాగితంలోని ఒకే వాక్యం వల్ల వచ్చాయి. ఆ వాక్యం ఉర్దూలో ఉండేది. నాకు ఉర్దూ చదవడం రాదు. అయినా అది నాకు కంఠస్థం.

ఆదిలాబాద్ జిల్లాలో, పెన్‌గంగకు ఇవతల, నల్లరేగడి నేలల మధ్య మా ఊరు. మా ఇంటి పెరటి గోడకు ఆనుకొని తాత కట్టించిన రేకుల మిల్లు ఉండేది. పత్తి నుంచి గింజను వేరు చేసే మిషన్లు అందులో పన్నెండు. ఒక పెద్ద ఇంజను, దాని నుంచి షెడ్డు పొడుగునా తిరిగే ఇనుప కడ్డీ, ఆ కడ్డీ నుంచి ఒక్కో మిషన్‌కూ తోలు బెల్టు. తాత పోయాక దాన్ని నడపడం బాపుకు చేతకాలేదు. ఆయన భూమి మనిషి. యావత్మాల్ వైపు నుంచి వచ్చిన ఒక సేటు మిల్లును అయిదేళ్ల కౌలుకు తీసుకున్నాడు.

అవి రజాకార్ల రోజులు. రాత్రికి రాత్రి ఊళ్లు ఖాళీ అవుతున్నాయి. సేటు కూడా పెన్‌గంగ దాటి పారిపోతే మిల్లు పాడుబడిపోతుందని బాపు భయపడ్డాడు. కాగితం రాసేటప్పుడు ఆయనే పట్టుబట్టి ఒక షరతు పెట్టించాడు. మియాదు ముగియడానికి నెల రోజుల ముందుగా ఏ పక్షమైనా వద్దని రాసి ఇవ్వకపోతే, ఈ కౌలు ఇవే షరతుల మీద ఇంకో అయిదేళ్లు ఖుద్‌బఖుద్ సాగుతుంది. ఖుద్‌బఖుద్ అంటే దానంతటదే. సేటు పారిపోకుండా కట్టేసే తాడు అనుకొని బాపు ఆ మాట రాయించాడు.

మొదటి అయిదేళ్లు ఎప్పుడు నిండాయో మాలో ఎవరికీ తెలియదు. పోలీసు చర్య అయింది, సిక్కాలు మారాయి, ఓట్లు వచ్చాయి. కౌలు మాత్రం ఎవరినీ అడగకుండా సాగిపోయింది. అప్పుడు అది మాకు హాయిగానే ఉంది.

హాయి పోయింది అవ్వకు ఉబ్బసపు దమ్ము మొదలైనాక.

దసరా మరుసటి నాడు మిల్లు మొదలైతే ఉగాది దాకా ఆగదు. ఆ ఆరు నెలలు మా ఇంట్లో దూది నూగు పడేది. ఆరేసిన చీరల మీద, పాల మీద, పచ్చడి జాడీ మూతల మీద, చంటి దూడ కంటి రెప్పల మీద. పొద్దున నల్లగా దువ్వుకున్న అవ్వ జుట్టు సాయంత్రానికి ముసలిదైపోయేది. మొదట దగ్గు, తర్వాత పిల్లికూతలు, తర్వాత కూర్చొని గోడకు వీపు ఆనిస్తే తప్ప ఊపిరి అందకపోవడం. ఒకసారి మిల్లులో బెల్టు తెగి రేకును చీల్చుకొని మా పెరట్లోకి వచ్చి పడింది. కొట్టంలో కట్టేసిన ఎద్దు దవడ పగిలింది. అది ఇంక మేయలేదు. బాపు ఎద్దును చూసి ఏడ్చాడు. అవ్వ మాత్రం బెల్టును చూస్తూ, "గిది నా రొమ్ముల నుంచి పోయినట్టే ఉన్నది" అన్నది.

రెండేళ్లు సీజన్‌లో ఆమెను కరీంనగర్ దగ్గర మామ వాళ్ల ఊరికి పంపారు. అక్కడ దమ్ము తగ్గేది. కానీ నెల తిరగకుండానే వచ్చేసేది. పాడి, పాలేర్లు, బడికి పోయే నేను. "నా ఇంట్ల నేనుండక సుట్టపు సూపుకు ఉన్నట్టు ఎన్నొద్దులుండాలె?" అనేది. మూడో ఏడు క్రైస్తవ మిషన్ వాళ్ల దవాఖానలో డాక్టరమ్మ ఛాతీకి గొట్టం పెట్టి చాలాసేపు విన్నది. బాపును బయటికి పిలిచి, ఈ గాలిలో ఇంక రెండు మూడు సీజన్లకంటే ఎక్కువ ఈమె బతకదు, ఇల్లయినా మార్చండి, మిల్లయినా ఆపండి అని చెప్పింది. నేను తలుపు పక్కనే ఉన్నాను.

రెండో అయిదేళ్ల మియాదు ఆ దసరాకే ముగుస్తోంది. బాపు ఆదిలాబాద్ పోయి వకీలుతో నోటీసు రాయించుకొని వచ్చాడు. నిజాం కాలపు ఫసలీ తేదీని ఇంగ్లీషు తేదీలోకి మార్పించి, సెప్టెంబరు మొదటి వారంలో ఒక రోజు చుట్టూ క్యాలెండర్ మీద ఎర్ర గీత గీశాడు. ఆ రోజు లోపల నోటీసు సేటు చేతికి అందాలి.

"రిజిస్టరీ చెయ్యి పటేలా, పని అయిపోతది" అన్నాడట వకీలు.

"ఒక్క గోడ అడ్డమున్నోనికి పోస్టుల పంపుడేంది వకీల్ సాబ్? మనిషి మొకం జూసి ఇయ్యాలె గాదా" అన్నాడట బాపు. ఇంటికి వచ్చి ఈ మాట గొప్పగా చెప్పుకున్నాడు.

సేటు ఇల్లు మిల్లుకు అవతలి వైపు. ఆయనకు ఇద్దరు పిల్లలు. కొడుకు ఇరవై ఏళ్లవాడు, కూతురు పన్నెండేళ్లది. ఇద్దరూ మా అవ్వను కాకీ అని, వాళ్ల మరాఠీలో పిన్నీ అని, పిలిచేవాళ్లు. ఆ పిల్లకు జడ వేసేది అవ్వే. కొడుకు మధ్యాహ్నం మిల్లు నుంచి గోడ దూకి వచ్చి, "కాకీ, ఎల్లిపాయ కారం" అని చెయ్యి చాపేవాడు. జొన్నరొట్టెలో పెట్టుకొని నిలబడే తినేవాడు. అవ్వ దగ్గుతుంటే తినడం ఆపి, "మా బాబా మిషన్ బంద్ చెయ్యనంటె నేనే బంద్ చేస్త కాకీ" అనేవాడు. ఆమె నవ్వేది, నవ్వుతో మళ్లీ దగ్గు వచ్చేది.

అందుకే బాపు నోటీసును జేబులో పెట్టుకొని తిరిగాడు. ఆషాఢంలో ఇవ్వకూడదన్నాడు. తర్వాత, పొలాల పండుగ పోనీ, ఎడ్లను అలంకరించి ఊరేగించే రోజుల్లో మనిషితో తగువు మాట ఎందుకన్నాడు. గడువుకు ఇంకా పన్నెండు రోజులు ఉండగా పొలాల పండుగ వచ్చింది. ఆ రోజు మధ్యాహ్నం, వీధిలో ఎడ్ల గజ్జెలు మోగుతుండగా, సేటు కొడుకు టైఫాయిడ్‌తో చనిపోయాడు.

పాడె మోసినవాళ్లలో బాపు ఒకడు. వాగు దాకా భుజం మార్చకుండా మోశాడు. మరునాడు అవ్వ చొక్కా ఉతకబోతూ జేబులో నోటీసు చూసింది. చెమటకు తడిసి మడతలు అంటుకుపోయాయి. జాగ్రత్తగా విడదీసి, కంచం కింద పెట్టి ఆరబెట్టింది.

"దీన్ని పెట్టుకొని మోసినవా?" అన్నది.

"మర్సిపోయిన" అన్నాడు బాపు. మర్చిపోలేదని మాకు తెలుసు.

దుఃఖంలో ఉన్న ఇంటి గడపలో కాగితం ఇవ్వకూడదని మా ఇంట్లో ఎవరూ వాదించుకోలేదు. వాదించవలసిన విషయంగా ఎవరికీ తోచలేదు. మా ఇళ్లలో పదకొండో రోజుతో దినాలు ముగుస్తాయి. గడువు పన్నెండో రోజు. లెక్క సరిపోతుందని బాపు ధైర్యంగా ఉన్నాడు. పదకొండో రోజు మధ్యాహ్నం ఉతికిన ధోవతి కట్టుకొని పోయాడు. అరగంటలో తిరిగి వచ్చాడు.

"ఇచ్చినవా?" అన్నది అవ్వ.

"లే. వాళ్లకు పదమూడొద్దులట. ఎల్లుండి తేర్వి అంటున్నరు. పొయ్యి గూడ ముట్టియ్యలే. ఆ తల్లి పిల్లగాని అంగీ ఒళ్లె వెట్టుకొని కూసున్నది."

"మరి గడువు రేపే గదా."

బాపు క్యాలెండర్ వైపు చూడకుండా నీళ్లు తాగాడు. అవ్వే అన్నది. "పోనియ్యి. ఒక్క రోజుకు, రెండు రోజులకు మనిషి మారుతడా? మన రొట్టె తిన్న పిల్లగాడు. తేర్వి కానియ్యి."

పద్నాలుగో రోజు బాపు నోటీసు ఇచ్చాడు. సేటు గుండు తల వంచి చదివాడు. "నా కొడుకును మోసిన భుజం నీది పటేలా. నువ్వేం రాసిచ్చినా తీసుకుంట" అని, రెండో ప్రతి మీద ముట్టినట్టు సంతకం పెట్టి కింద తేదీ వేశాడు. ఆ తేదీ చూసుకొని బాపు మురిసిపోయాడు. పని పక్కాగా జరిగిందనుకున్నాడు.

దసరాకు పది రోజుల ముందు సేటు దగ్గర నుంచి జవాబు వచ్చింది. రిజిస్టరీలో వచ్చింది. ఒక్క గోడ అవతలి నుంచి పోస్టాఫీసుకు పోయి, టపా సంచీలో చుట్టు తిరిగి వచ్చింది. నోటీసు రెండు రోజులు ఆలస్యంగా ముట్టింది గనుక కౌలు షరతు ప్రకారం ఇంకో అయిదేళ్లు సాగుతుందని దానిలో ఉంది. వకీలు భాష. కింద సేటు సంతకం.

బాపు అట్లాగే లేచి పోయాడు. వెనక నేను పోయాను. సేటు గద్దె మీద కూర్చొని ఉన్నాడు. తల మీద వెంట్రుకలు కొంచెం మొలిచాయి.

"గిదేంది సేటూ?"

"కాయ్ కరూ పటేలా, ఏం జెయ్యాలె? నేనేం చెయ్యలే. కాయితం దానంతటదే అయింది. బొంబాయోళ్లకు సరుకిస్తనని మాటిచ్చిన. కొడుకు పోయిండు. మిల్లు గూడ పోతె నేను దేన్ని పట్టుకొని బతకాలె?"

"నీ కొడుకు దినాలని నేను ఆగిన. లేకుంటె అప్పుడే ఇస్తుంటి."

"నేను ఆగుమన్ననా?"

"నా పెండ్లాం సచ్చిపోతది సేటూ."

సేటు తల ఎత్తాడు. "నా కొడుకు సచ్చిపోలేదా?" అన్నాడు.

బాపు చెయ్యి సేటు గొంతు దాకా పోయింది. గుమాస్తా మధ్యలో పడ్డాడు. గద్దె మీది సిరాబుడ్డి పడి తెల్ల గుడ్డ అంతా నల్లగా పాకింది. నేను బాపు నడుం పట్టుకొని లాగాను. ఆయన ఒళ్లు జ్వరం వచ్చినట్టు కాలుతోంది. అప్పటిదాకా ఆయన ఎవరి మీదా చెయ్యి ఎత్తడం నేను చూడలేదు.

వకీలు కూడా అదే చెప్పాడు. "గీ షరతు పెట్టినోడెవ్వడో గాని శానా తెలివిగల్లోడు పటేలా. ఎవ్వలేం చెయ్యకుంటెనే గిది పని జేస్తది. దీనితోని ఎట్ల కొట్లాడ్తవ్?" పెట్టించింది తనే అని బాపు చెప్పలేదు.

దసరా మరుసటి ఉదయం బాపు మిల్లు గేటుకు గొలుసు చుట్టి తాళం వేశాడు. గడ్డపార పట్టుకొని గేటుకు వీపు ఆనించి నిలబడ్డాడు. మేం పెరటి గోడ మీది నుంచి చూస్తున్నాం. మొదటి పత్తి బండ్లు వచ్చి వరసగా ఆగాయి. ఎడ్ల కొమ్ములకు ఇంకా పండుగ రంగులున్నాయి. గుమాస్తా వచ్చాడు. హమాలీలు ఆరేడుగురు వచ్చారు. వాళ్లలో సగం మంది మా పొలంలో కూలికి వచ్చినవాళ్లే.

"జరుగు పటేలా. మా కూలి పోతది" అన్నాడొకడు.

"ఒక్క అడుగు ముంగటికేస్తె కాలిరగ్గొడ్త."

"నీ మిల్లుకు నువ్వే అడ్డమా? ఏం లొల్లి వెట్టినవ్ పొద్దుగాల్నే?" అని నవ్వి, అతను అడుగు ముందుకు వేశాడు. బాపు గడ్డపార తిప్పాడు. మోకాలి కింద ఎముక విరిగిన చప్పుడు గోడ దాకా వినిపించింది. ఎండిన కంది కట్టె విరిచినట్టు. ఆ మనిషి అరవలేదు. కింద కూర్చొని తన కాలును వింతగా చూసుకున్నాడు. ఆ కాలికీ, మా కౌలు కాగితానికీ ఏ సంబంధమూ లేదు.

తర్వాత బండ్ల గుంజలు ఊడబెరికారు. మొదటి దెబ్బ భుజం మీద పడింది. గడ్డపార జారిపోయింది. బాపు తాళాన్ని రెండు చేతులా పట్టుకొని గేటుకు కరుచుకున్నాడు. వీపు మీద, నడుం మీద, తొడల మీద కొట్టారు. వేళ్ల మీద కొట్టాక తాళం వదిలాడు. కింద పడ్డాక కూడా ఆపలేదు. దుమ్ములో తెల్ల చొక్కా, ఎర్ర మరకలు. పక్కన అవ్వ నోరు తెరిచి ఉంది. అరుస్తోందనే అనుకున్నాను. ఆమె దగ్గర అరుపుకు సరిపడా గాలి లేదు. నేను గోడ దూకి పరుగెత్తేసరికి సేటు ఉత్త కాళ్లతో వచ్చి, "సోడా, సోడా" అని, విడవండని మరాఠీలో మొత్తుకుంటూ బాపు మీద అడ్డం పడ్డాడు. ఆగలేని గుంజ ఒకటి సేటు వీపు మీద కూడా పడింది.

ఠాణా నుంచి జమేదార్ వచ్చి బాపునే పట్టుకుపోయాడు. కౌలుదారుడి మిల్లుకు తాళం వేశాడు, కూలివాడి కాలు విరగ్గొట్టాడు. "ఏం పటేలా, నీ మిల్లుల నువ్వే దొంగవైతివి?" అని జమేదార్ నవ్వాడు. బండిలో ఎక్కించేటప్పుడు బాపు కుడి చెయ్యి వేలాడుతోంది. అటు బండి కదిలింది, ఇటు తాళం పగలగొట్టారు. గంటలో ఇంజను మొదలైంది.

మూడో రోజు మధ్యాహ్నం బాపు ఇంటికి వచ్చాడు. కుడి భుజం ఎముక విరిగి కట్టు కట్టారు. ముఖం ఒక వైపు నల్లబడింది. అరుగు మీద కూర్చొని రేకుల మీది నుంచి లేస్తున్న నూగును చూస్తున్నాడు. లోపల అవ్వ దగ్గుతోంది. దగ్గు ఆగడం లేదు. ఒక్కో దగ్గుకూ బాపు దవడ బిగుసుకోవడం నేను చూశాను.

లేచి లోపలికి పోయాడు.

"తేర్వి కానియ్యి అన్నవ్ గదనే" అన్నాడు. గొంతు మెల్లగానే ఉంది. "ఒక్క రోజుకు మనిషి మారుతడా అన్నవ్ గదా. మారిండా లేదా చెప్పు."

అవ్వ చెయ్యి ఎత్తింది, ఊపిరి అందాక చెప్తానన్నట్టు. ఆయన ఆగలేదు. ఎడమ చేత్తో చెంప మీద కొట్టాడు. ఆమె తల గోడకు తగిలింది. జుట్టు పట్టి వంచి, అదే చేత్తో వీపు మీద కొట్టాడు. "దగ్గకు! దగ్గకే!" అని అరుస్తున్నాడు. దగ్గు ఆపితే కొట్టడం ఆపుతాడన్నట్టు ఆమె రెండు చేతులతో నోరు మూసుకున్నది. మూసుకున్న చేతుల సందుల నుంచి పిల్లికూతలు వస్తున్నాయి. పెదాలు నీలంగా మారాయి. ఆయన కాలితో తన్నాడు.

పొయ్యి దగ్గర ఊదుగొట్టం ఉంది. ఇనుపది. నేను దాన్ని తీసుకొని, కట్టు కట్టిన భుజం మీద, చూసి మరీ, బలమంతా పెట్టి కొట్టాను. నొప్పి ఎక్కడ ఎక్కువో నాకు తెలుసు. అక్కడే కొట్టాను. బాపు మోకాళ్ల మీద కూలిపోయాడు. గొడ్డు అరిచినట్టు అరిచాడు. ఆ తర్వాత తల తిప్పి నన్ను చూసి, "నువ్వా?" అన్నాడు. ఆ ఒక్క మాటే.

అవ్వ నేల మీద పాకుతూ వచ్చి నా చేతిలోంచి గొట్టం తీసుకున్నది. "రెండోది వద్దు బిడ్డా" అన్నది.

రెండు రోజుల తర్వాత అవ్వ ఒక ఇనుప పెట్టెలో నాలుగు చీరలు, నా పుస్తకాలు సర్దింది. బాపు బస్సు దాకా వచ్చాడు. పెట్టె ఎడమ చేత్తో మోశాడు. నిర్మల్‌లో బస్సు మారి, సోన్ దగ్గర గోదావరి దాటి, జగిత్యాల మీదుగా మామ వాళ్ల ఊరు చేరాం. గోదావరి మీద అవ్వ కిటికీలోంచి ముఖం బయటపెట్టి నోటి నిండా గాలి తీసుకున్నది. ఆమె ముక్కు పక్కన దెబ్బ పచ్చగా మారుతోంది.

ఇది రాస్తుంటే నా బిడ్డ నిద్రలో దగ్గింది. లేచి పోయి ఛాతీ మీద చెవి పెట్టి విన్నాను. ఏమీ లేదు, మామూలు జలుబే. అయినా రెండుసార్లు విన్నాను. ఏ కాగితం ఇంటికి వచ్చినా, ఆఖరికి రేడియో లైసెన్సు అయినా, చివరి వరస దాకా చదివితే తప్ప నాకు నిద్ర పట్టదు. "నీకు కాగితమంటే పామును చూసినట్టే" అంటారు మా ఆయన. నేను ఏమీ చెప్పను. ఏం మొదలుపెట్టినా ఊదుగొట్టం దాకా వస్తుంది.

మామ ఊరిలో అవ్వ బతికింది. దమ్ము పూర్తిగా పోలేదు కానీ గోడకు ఆనుకొని కూర్చోవడం తప్పింది. నేను కరీంనగర్‌లో బడి ముగించి, హైదరాబాద్‌లో ఆడపిల్లల కాలేజీలో చేరాను. బాపు ఏడాదికి రెండుసార్లు వచ్చేవాడు. ధాన్యం తెచ్చేవాడు, అరుగు మీదే కూర్చొని తిని పోయేవాడు. ఇంట్లోకి రమ్మని ఎవరూ అనలేదు, ఆయనా అడగలేదు. అవ్వతో మాత్రం ప్రతిసారీ ఒకే మాట చెప్పేవాడు. "అయిదేండ్లు. ఈసారి తప్పిపోనియ్య. మిల్లు బందైన రోజు తోల్కపోత." ఆమె తల ఊపేది. ఆమెకూ పోవాలనే ఉంది. సాయంత్రాలు ఆ ఇంటి సంగతులే మాట్లాడేది. పెరట్లో కరివేప చెట్టు ఎంత అయిందో, ఆ దూడ ఎన్ని ఈతలు ఈనిందో. కౌలు ముగిసేలోపు తనకు ఏమీ కాకూడదని మందులు తప్పకుండా మింగేది.

అయిదేళ్లు నిండిన దసరాకు నేను సెలవుల్లో ఇంట్లోనే ఉన్నాను. పండుగ వెళ్లిన నాలుగో రోజు బాపు వచ్చాడు. కొత్త ధోవతి, కొత్త చెప్పులు.

"మిల్లుకు తాళమేసిన" అన్నాడు, చెప్పులు విడవకుండానే. "పెట్టె సదురు."

అవ్వ ముఖం వెలిగింది. నిజంగా వెలిగింది, నేను చూశాను. "కాళ్లు కడుక్కో, తిందువు. లోపట్కి రా" అన్నది. మామ పీట వేశాడు. అయిదేళ్లలో మొదటిసారి బాపు లోపల కూర్చొని తింటున్నాడు. అవ్వ వడ్డిస్తోంది.

"ఈసారి నోటీసు యాల్లకు ఇచ్చినవా?"

"యాల్లకేంది? ఎండాకాలమే ఇచ్చిన."

"ఎండాకాలమా? గడువు వానాకాలంల గదా?"

"సేటు బిడ్డ పెండ్లి గాదా ఎండాకాలం" అన్నాడు బాపు. ముద్ద కలుపుతూ నవ్వాడు. "పందిట్లనే ఇచ్చిన. ఊరంతా ఉన్నది, మగపెండ్లోళ్లున్నరు. పిల్ల పీటల మీదికొచ్చింది. అప్పుడు పోయి సేటు చేతుల వెట్టిన. సంతకం వెట్టు సేటూ, ఇగ మిల్లు నీది కాదు అని గట్టిగ అన్న. అందరికినవడాలె గదా."

అవ్వ గరిటె గిన్నెలోనే ఉంది. "పెట్టిండా?"

"వెట్టక యాడికి పోతడు? మగపెండ్లోళ్లు లేసి నిలవడ్డరు. మిల్లు సూసి పిల్లను అడిగినం, మిల్లే లేదా అని లొల్లి. పెండ్లిపిల్లగాని అన్న సేటు అంగీ పట్టుకున్నడు. ఒకన్నొకడు కుర్సీలతోని కొట్టుకున్నరు. నేను గేటు కాడ నిలవడి సూసిన."

"పెండ్లి?"

"అయింది, ఎట్లనో. పొద్దుగూకినంక."

"పిల్ల ఏడ్చిందా?"

"ఏడ్వదా మరి?" అన్నాడు బాపు, ఇంకొంచెం పప్పు కోసం కంచం జరుపుతూ. "నెత్తికి ఏదో తాకింది గూడ. బాసింగం ఊడిపడ్డది."

అవ్వ పప్పు వెయ్యలేదు. "ఇంక నాలుగు నెలలుండె నీకు" అన్నది.

"ఉంటె?"

"ఏ రోజిచ్చినా చెల్లుతుండె."

"చెల్లుతుండె. నాకు గా రోజే ఇయ్యబుద్ధయింది."

ఆమె గరిటె వదిలింది. "నువ్వు తిని పో. నేను రాను."

బాపుకు మొదట అర్థం కాలేదు. మామ వైపు, నా వైపు చూశాడు. ఆ తర్వాత కంచం ఎత్తి విసిరాడు. అది స్తంభానికి తగిలి గిర్రున తిరుగుతూ ఇల్లంతా మోగింది. "ఎవ్వని కోసం జేసిన్నే? నీ దమ్ము కోసం గాదా? నీ కోసం బొక్కలిరగ్గొట్టించుకున్న. నీ కోసం ఆ కూలోని కాలు తీసిన. ఇగ రాను అంటవా?" ఎంగిలి చెయ్యి పిడికిలి కట్టి ఉంది. మామ లేచి నిలబడ్డాడు. అవ్వ కదలలేదు, వెనక్కి జరగలేదు, ముఖానికి చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. ఆ పిడికిలి కొంతసేపు గాలిలో ఉండి కిందికి దిగింది. ఆయన చెయ్యి కూడా కడుక్కోకుండా వెళ్లిపోయాడు.

అప్పుడు నేను బాపు పక్షమే. ఈ మాట ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. సేటు మాకు చేసినదానికి అది చిన్న శిక్ష అనే అనుకున్నాను. అవ్వ మీద కోపం వచ్చింది. అయిదేళ్లు ఎదురుచూసిన మనిషి, ఇల్లు చేతికి అందిన రోజున, పరాయి పిల్ల కోసం వదులుకోవడం ఏమిటి?

"నీ కోసమే గదా అవ్వా చేసిండు" అన్నాను.

"నా కోసమే" అన్నది అవ్వ. నేల మీద కూర్చొని చెల్లాచెదరైన మెతుకులను చేత్తో కూడబెడుతోంది. "నా దమ్ము పేరు చెప్పే ఆ పిల్ల నెత్తి పగులగొట్టిచ్చిండు. ఇగ నేను పోయి ఆ ఇంట్ల సల్లగ ఊపిరి పీల్చాలె. నాతోని కాదు."

స్తంభం కింది నుంచి నేను కంచం తీసి చూస్తే అంచు లోపలికి సొట్ట పోయింది. జగిత్యాల బస్సు రెండింటికి. రోడ్డు మీద దాని హారను వినిపించినప్పుడు అవ్వ చెయ్యి ఒక్క క్షణం ఆగి, మళ్లీ మెతుకులు ఏరసాగింది. మామ గుమ్మం దాకా పోయి చూసి, "ఎక్కిండు" అని చెప్పాడు.